జాతర వారం భోజనాల జాబితా

కాజీపేట,
సోమవారం సాయంత్రం.

ప్రియమైన అన్నయ్యకు,

చెల్లెలు విశాల రెండు చేతులూ జోడించి రాస్తున్నది. నేను కులాసాగా ఉన్నాను. జ్వరం మళ్ళీ రాలేదు, దగ్గు లేదు, నువ్వు భయపడుతున్నట్టు చిక్కిపోనూ లేదు. బామ్మకు మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదినకు వేవిళ్ళు తగ్గాయా, అన్నం సయిస్తున్నదా? పెళ్ళిళ్ళ రోజులు కదా, పొయ్యి ముందు నిలబడీ నిలబడీ నీ కాళ్ళు వాస్తున్నాయని వదిన రాసింది. మధ్యమధ్య కాసేపు కూర్చో. నువ్వు కూర్చున్నంత మాత్రాన పులుసు మాడిపోదు. గరిటె కాసేపు రామయ్య బాబాయి చేతికివ్వు.

నీ ఉత్తరం అందింది. అందులో ముప్పాతిక వంతు నా తిండి గురించే. ఏం వండుకుంటున్నావు, పొద్దున్నే వండుకుంటున్నావా, రాత్రిది ఉంచుకుని తింటున్నావా, ఎవరింట్లోనూ ఏమీ ముట్టడం లేదు కదా అని. ఇంతకు ముందు రాసిన ఉత్తరాలన్నిటిలోనూ "నా చేతి వంటే తింటున్నాను, నువ్వు దిగులు పడకు" అని రాశాను. ఈసారి అలా రాయలేను. మొన్న శుక్రవారం మధ్యాహ్నం నేను మా ఇల్లుగలావిడ మరియమ్మ గారి ఇంట్లో, ఆవిడ వండిన అన్నం, ఆవిడే వడ్డించగా తిన్నాను. కడుపునిండా తిన్నాను. చివరిదాకా దాచి అప్పుడు చెబితే నీకు ఇంకా కష్టంగా ఉంటుందని ముందే చెప్పేస్తున్నాను. కోపం వస్తే రానీ. ఉత్తరం మాత్రం మడిచి పక్కన పెట్టెయ్యకు. నీతో ఈ మాట చెబుతానని ఒకరికి చెప్పాను, అందుకే రాస్తున్నాను.

మొదటినుంచీ చెబుతాను. మా కాలేజీలో గ్రంథాలయాల వాళ్ళ సదస్సు జరిగింది, బుధ, గురువారాలు రెండు రోజులు. ఎక్కడెక్కడి నుంచో లైబ్రేరియన్లు వచ్చారు. మధ్యాహ్నం భోజనం మా హాస్టల్లోనే. పొద్దుటి ఫలహారం, రాత్రి భోజనం ఎవరికి వారు ఊళ్ళో చూసుకోవాలి. నెల రోజుల ముందు ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి, "మేడం, మీ అన్నగారు పెండ్లిళ్ళకు వండుతరట గద. తిండి సంగతి మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తది? వచ్చినోళ్ళు ఏడ మంచిగ తినొచ్చునో ఒక కాగితం తయారు చెయ్యండి" అన్నారు. గది నిండా లెక్చరర్లు ఉన్నారు. వంటవాడి చెల్లెలని అందరి ముందూ అనేసరికి ఒక్క క్షణం సిగ్గేసింది. ఆ తర్వాత, సిగ్గుపడ్డందుకు సిగ్గేసింది. నువ్వు వెయ్యి మందికి వండి, వెయ్యో విస్తట్లో కూడా ఉప్పు సరిగ్గా పడేట్టు చూస్తావు. ఆ చదువు ఆ గదిలో ఎవరికీ లేదు. సరే సార్, చేస్తాను అన్నాను.

చేస్తానని అన్నానే గానీ, ఎలా చెయ్యాలి? వచ్చి ఎనిమిది నెలలయింది, ఈ ఊళ్ళో హోటల్ గడప తొక్కలేదు. పైగా ఒంటరి ఆడది హోటల్లో కూర్చుంటే తెర కట్టిన గదిలో కూర్చోవాలి, సర్వరు ఆ తెర సందులోంచి చెయ్యి పెట్టి ప్లేటు అందిస్తాడు. అందుకని మా లైబ్రరీ అటెండరు యాదగిరిని వెంట తీసుకెళ్ళాను. యాదగిరికి యాభై దాటాయి. మనిషి సన్నగా రివటలా ఉంటాడు, ఆకలి మాత్రం నలుగురిది. నేను రిక్షాలో కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చునేదాన్ని. అతను లోపలికి వెళ్ళి తిని వచ్చి నాకు చెప్పేవాడు. రుచి అతనిది, రాత నాది.

హనుమకొండ చౌరస్తాలో ఉడిపి హోటల్ ఉంది. అక్కడ మటుకు నేనూ లోపలికి వెళ్ళి ఇడ్లీ తిన్నాను, దానికి నువ్వు అభ్యంతరం చెప్పవని తెలుసు. ఇడ్లీ దూది, సాంబారు తీపి. "పొద్దున ఏడులోపు వెళ్ళండి, తర్వాత పిండి పులుస్తుంది" అని రాశాను. బస్టాండు వెనక ఒక మెస్ ఉంది. యాదగిరి మూడుసార్లు మారు వడ్డించుకుని బయటికి వచ్చి, "పప్పు మంచిగున్నది మేడం, చారే, జర నీళ్ళ లెక్కనున్నది" అన్నాడు. వరంగల్ స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో అతను బిరియానీ తిని, పైన రెండు చాయలు తాగి, వచ్చి రిక్షా ఎక్కలేక కాసేపు నిలబడ్డాడు. "ఎట్లుంది?" అంటే, "మేడం, ఇరవై ఏండ్ల సంది నౌకరీ చేస్తాన. సర్కారు పని గింత కడుపునిండ ఎన్నడు చెయ్యలె" అన్నాడు. నేను అలాగే రాయలేను కదా, "మాంసాహారులకు తృప్తిగా ఉంటుంది" అని రాసుకున్నాను.

కాశిబుగ్గలో మగ్గాల సందులో ఒకావిడ ఇంటి అరుగు మీదే సర్వపిండి చేసి అమ్ముతుంది. ఇది నీకు వివరంగా చెప్పాలి, నువ్వు ఎక్కడా చూసి ఉండవు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కారం వేసి ముద్దగా కలుపుతారు. పెనం మీద కాదు, గుండ్రటి గిన్నె లోపలి గోడలకే పలచగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నాలుగు చుక్కల నూనె వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచుతారు. కాలాక గిన్నె ఆకారంలోనే ఊడి వస్తుంది. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా. రెండోది చెయ్యాలంటే గిన్నె చల్లారేదాకా ఆగాలి, వేడి గిన్నెకు పిండి అంటదు. అందుకని ఆవిడ మూడు గిన్నెలు పెట్టుకుని, ఒకటి నీళ్ళ తొట్టిలో చల్లారుతుంటే ఒకటి పొయ్యి మీద, ఒకటి ఒళ్ళో. ఒక్క వృథా కదలిక లేదు. నేను తినలేదు, అరగంట నిలబడి చూశాను. నువ్వున్నా అలాగే నిలబడేవాడివి.

చివరిది కాజీపేట స్టేషన్ ఎదుటి భోజన హోటల్. రైళ్ళు పట్టుకునే వాళ్ళకు పనికొస్తుందని వేశాను. ఐదూ వరస నంబర్లతో, వెళ్ళే దారులతో సహా రాసి, సైక్లోస్టైల్ తీయించి వచ్చేవాళ్ళందరికీ ముందే పోస్టులో పంపాం. ప్రిన్సిపాల్ గారు చదివి భేష్ అన్నారు. ఆ ఊపులో నేను కాస్త ఎక్కువ చేశాను. కాగితం అడుగున "భోజనం విషయంలో ఏ ఇబ్బంది కలిగినా సంప్రదించండి" అని నా పేరు, కాజీపేటలో మా ఇంటి గుర్తులు కూడా వేయించాను. నా గొప్పకు.

ఇప్పుడు నేను చేసిన తప్పు విను. అది సమ్మక్క సారలమ్మ జాతర వారం. రెండేళ్ళకొకసారి వస్తుంది, మేడారం అని అడవిలో. సదస్సు తేదీలు పెట్టింది పైవాళ్ళు, ప్రిన్సిపాల్ గారు ఆ వారం వద్దని రాసినా వాళ్ళు వినలేదట. జాతర ఉందని నాకూ తెలుసు. కానీ నేను మన బాపట్ల లెక్కలో ఆలోచించాను. మన దగ్గర తిరునాళ్ళంటే హోటల్ వాళ్ళు అదనంగా రెండు పొయ్యిలు పెడతారు, నీకు ఊపిరాడదు. ఇక్కడా అంతే, ఇంకా బాగా దొరుకుతుందని అనుకున్నాను. అన్నయ్యా, ఇక్కడ జాతరకు వంటవాడే పోతాడు. సర్వరు పోతాడు, గల్లా దగ్గర కూర్చునే యజమాని పోతాడు. ఇంటిల్లిపాదీ ఎడ్లబండ్లు కట్టుకుని, లారీలెక్కి, కోళ్ళు, గిన్నెలు, బెల్లం దిమ్మెలు పట్టుకుని పోతారు. అమ్మవార్లకు బెల్లం ఇస్తారు, దాన్ని బంగారం అంటారు. సగం ఊరు ఖాళీ.

మంగళవారం సాయంత్రం యాదగిరి కొత్త తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, "పోయొస్త మేడం. మీ పేరు మీద బంగారం ఇయ్యాల్నా?" అన్నాడు. అప్పుడు కూడా నాకు తట్టలేదు. "హోటళ్ళు తెరిచే ఉంటాయిగా?" అని మాటవరసకు అడిగాను. అతను నా ముఖం వంక వింతగా చూశాడు. "జాతరప్పుడు హోటల్ ఎట్లుంటది మేడం? మీకు ఎరుకేననుకున్న." కాగితాలు అప్పటికే అందరికీ చేరిపోయాయి.

బుధవారం రాత్రి అతిథులు ఊరంతా తిరిగారు. ఉడిపి వాళ్ళు మాత్రం తెరిచారు, తొమ్మిదింటికల్లా అదీ అయిపోయింది. గురువారం పొద్దున నన్ను చూడగానే మైసూరు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకరు, "మీ జాబితా చాలా బాగుంది, చదువుతూ పడుకున్నాం" అన్నారు. ఆయన మర్యాదగానే అన్నారు, నాకే భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆ రాత్రికి హాస్టల్లోనే వండించి ఎలాగో గట్టెక్కాం.

శుక్రవారం నాకు సెలవు ఇచ్చారు. పదకొండున్నర ప్రాంతంలో తలంటుకుని, కుంపటి మీద ఎసరు పెట్టుకుంటుంటే గేటు చప్పుడైంది. చూస్తే ఐదుగురు అతిథులు, పెట్టెలతో సహా, ఆ మైసూరు పెద్దమనిషి కూడా ఉన్నారు. అందులో నాగపూర్‌లో స్థిరపడిన తెలుగావిడ, అరవై ఏళ్ళుంటాయి, చేతిలో నా కాగితం. "ఐదో నంబరు హోటల్‌కి తాళం వేసి ఉందమ్మా. స్టేషన్లో ఉన్నదంతా జాతర జనం ఊడ్చుకుపోయారు, చాయ తప్ప ఏమీ లేదు. మా రైళ్ళేవీ సాయంత్రం దాకా రావంటున్నారు. ఇబ్బంది కలిగితే రమ్మన్నావుగా, వచ్చాం" అంది నవ్వుతూ. ఆవిడ ముఖం వాడిపోయి ఉంది. పొద్దున్నుంచీ ఎవరూ ఏమీ తినలేదు.

నా దగ్గర ఉన్నది ఒక మనిషికి సరిపోయే గిన్నె, సోలెడు బియ్యం. కూర్చోండి అని చాప వేసి, ఏం చెయ్యాలో తోచక పెరట్లోకి వచ్చాను. అక్కడ మరియమ్మ గారు చేటలో కందిపప్పు చెరుగుతున్నారు.

మరియమ్మ గారి గురించి ఇదివరకు నీకు రాశాను. రాసింది తలుచుకుంటే ఇప్పుడు తలవంచుకోవాల్సి వస్తున్నది. "మంచావిడే గానీ చెయ్యి పెద్దది కాదు, ఎప్పుడూ పచ్చి కూరగాయలే ఇస్తుంది, ఒక్కనాడూ గిన్నెడు కూర ఇచ్చిన పాపాన పోలేదు" అని రాశాను, గుర్తుందా? పెరట్లో కాసిన చిక్కుళ్ళు ఈనె కూడా తీయకుండా ఇచ్చేది. జామకాయలు చెట్టు మీదవే కోసుకోమనేది. పాలు కాచకుండా ఇచ్చేది. నేను జ్వరంతో పడుకున్నప్పుడు నూకలు చేటలో పోసి నా గడప మీద పెట్టి, తను గడప బయటే పీట వేసుకుని కూర్చుంది. "పొయ్యి ముట్టించు బిడ్డా. నీళ్ళు మసులుతానయా? ఇగ నూకలు పొయ్యి. కలుపు, అడుగంటుతది" అని అక్కణ్ణుంచే చెప్పింది. నేను తూలుతూ నా జావ నేనే కాచుకున్నాను. వచ్చి రెండు నిమిషాలు గరిటె తిప్పితే ఈవిడ సొమ్మేం పోయిందని ఆ రోజు మనసులో తిట్టుకున్నాను కూడా.

సంగతి చెప్పేసరికి ఆవిడ చేట కింద పెట్టింది. "ఆకలికొచ్చినోళ్ళు, ఆలిశెం చెయ్యొద్దు. బియ్యం నేనిస్త. పప్పున్నది, పుంటికూరున్నది. కట్టెల పొయ్యి నీ దిక్కు పెట్టిస్త. నా గిన్నెలు వద్దనుకుంటే సుట్టుముట్టు అడిగి కొత్తయి తెస్త. నువ్వే వండు బిడ్డా" అంది. పుంటికూర అంటే మన గోంగూర.

నేనే వండగలిగేదాన్ని, అన్నయ్యా. ఒక గంట ఎక్కువ పట్టేది, అంతే. తప్పనిసరై తిన్నానని నీతో చెప్పను, అది నిజం కాదు. కానీ ఆవిడ అలా నిలబడి, తన ఇంటి సామానంతా నాకు ఇస్తూ, తన చెయ్యి మాత్రం పక్కన పెట్టుకోవడం చూస్తే నా వల్ల కాలేదు. ఆవిడ గురించి నేను తప్పుగా రాశానని అప్పుడే అనుమానం వచ్చింది. "మీరే వండండి మరియమ్మ గారూ. మేమంతా తింటాం" అన్నాను.

ఆవిడ నన్ను ఒకసారి చూసింది. గోడ దగ్గరికి వెళ్ళి పక్కింటి వాళ్ళతో, "మా ఇంటికి కాల్ వచ్చింది" అని కేకేసింది.

ఈ మాట సంగతి చెప్పాలి. మా గల్లీ అంతా రైల్వే వాళ్ళు. మరియమ్మ గారి భర్త బాలస్వామి గారు గూడ్సు బండి డ్రైవరు. ఈ డ్రైవర్లకు, గార్డులకు వేళంటూ ఉండదు. ఆఫీసు మనిషి సైకిలు మీద పుస్తకం పట్టుకుని వస్తాడు, సంతకం పెట్టించుకుంటాడు, రెండు గంటల్లో బండి ఎక్కాలి. ఆ రెండు గంటల్లో భార్య రెండు రోజుల తిండి క్యారియర్లో సర్దాలి. ఒక్కతే చెయ్యలేదు కనుక ఈ గల్లీలో ఒక పద్ధతి ఉంది. ఏ ఇంటికి కాల్ వస్తే ఆ ఇల్లు అన్నం, పప్పు వండుకుంటుంది, మిగతా ఇళ్ళు తలా ఒకటి పంపుతాయి. అడగనక్కర్లేదు, కాల్ వచ్చిందంటే చాలు. మన పెళ్ళివంటల్లో నువ్వు పనులు పంచుతావే, అలాగే, కాకపోతే ఇక్కడ మేస్త్రీ లేడు.

ముప్పావు గంటలో ఒకరు వంకాయ కూర తెచ్చారు. గార్డు గారి భార్య పచ్చిపులుసు తెచ్చింది. ఇది కాచని చారు అన్నయ్యా, చింతపండు పులుసులో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ, నువ్వుల పొడి పిసికి కలుపుతారు, అంతే. వేడన్నంలో చల్లటి పులుసు. మొదట వినగానే నేనూ మొహం చిట్లించాను, తిన్నాక చెబుతున్నాను, నువ్వు నేర్చుకోవాల్సిందే. ఎదురింటావిడ జొన్నరొట్టెలు చేతులతో కొట్టి పంపింది. ఇంకొకరు కుండలో చల్ల. మాంసం ఉంటుందేమోనని భయపడ్డావా? శుక్రవారం వాళ్ళూ మాంసం ముట్టరు, యేసు ప్రభువు ప్రాణం విడిచిన రోజని. ఇన్నాళ్ళూ పక్కపక్కన ఉండి ఆ సంగతి కూడా నాకు తెలియదు.

వసారాలో ఆకులు వేసి అందరినీ కూర్చోబెట్టింది. ఐదుగురికీ వడ్డించింది. మైసూరు ఆయన మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నారు. నాగపూర్ ఆవిడ నన్ను కూడా పక్కన కూర్చోమని చెయ్యి పట్టి లాగింది. కూర్చున్నాను. మరియమ్మ గారు అన్నం గిన్నె పట్టుకుని వరసలో నా దాకా వచ్చి ఆగిపోయింది. గరిటెలో అన్నం ఉంది, చెయ్యి కిందికి రావడం లేదు.

"పెట్టండి" అన్నాను.

"మీ అన్నకు మాటిచ్చిన బిడ్డా" అంది మెల్లగా.

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. "నిన్ను దింపిపోయిన నాడు గేటు కాడ నిలవడి చేతులు జోడిచ్చిండు. అమ్మా, మా చెల్లె మీ ఇంట్ల ఏం ముట్టది, ఏమనుకోకుండ్రి, మీరు గూడ పెట్టకుండ్రి, పెడితె అది మొహమాటానికి తింటది అన్నడు. నాకు బుగులైంది, గంత పెద్దమనిషి చేతులు జోడిస్తే. పెట్టనయ్యా, ఫికర్ చెయ్యకు అన్న."

ఆ రోజు నేను లోపల ట్రంకు పెట్టె సర్దుకుంటున్నాను, నువ్వు గేటు దగ్గర అద్దె సంగతి మాట్లాడుతున్నావనుకున్నాను. నువ్వు నాతో ఎప్పుడూ చెప్పలేదు. అన్నయ్యా, నీ మీద కోపం లేదు. అమ్మ పోయినప్పటినుంచీ నాకు అమ్మవి నువ్వే, ఊరుగాని ఊళ్ళో వదిలిపెట్టి పోతూ నీకు తెలిసిన జాగ్రత్త నువ్వు తీసుకున్నావు. కానీ ఆవిడ ఎనిమిది నెలలు ఆ మాట మీదే నిలబడింది. నేను జ్వరంతో తూలుతుంటే కూడా గడప దాటలేదు. ఆవిడ చెయ్యి చిన్నదని నేను నీకు ఉత్తరాలు రాస్తూ ఉన్నాను. అది తలుచుకుంటే ఇప్పుడు కూడా ఏడుపొస్తున్నది.

విస్తరి ముందు కూర్చుని, ఐదుగురు పరాయివాళ్ళ ఎదుట, కళ్ళ నీళ్ళు ఆగలేదు. "మా అన్నయ్యతో నేను చెబుతాను. మీరు పెట్టండి" అన్నాను. అప్పుడు పెట్టింది. రెండు గరిటెలు పెట్టింది, పప్పు వేసింది, నెయ్యి నా ఆకులోనే అందరికంటే ఎక్కువ వేసింది. పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది. పులుపు నీ చేతి గోంగూర కంటే ఒక వీసం ఎక్కువ, కానీ ఎండుమిర్చి వేయించిన తీరు నీదే. నీకు అబద్ధం చెప్పను, ఈ ఎనిమిది నెలల్లో నేను తిన్న మంచి భోజనం అది.

తిన్నాక నాగపూర్ ఆవిడ నా కాగితం తీసి, ఐదో నంబరు కింద పెన్నుతో "ఆరు, మరియమ్మ గారి ఇల్లు" అని రాసి ఆవిడకు చదివి వినిపించింది. మరియమ్మ గారు కంగారుపడి, "అది కొట్టెయ్యమ్మా, రేపు జాతరంత నా ఆకిట్ల ఉంటది" అంది. అందరం నవ్వాం. సాయంత్రం ఎవరి రైళ్ళు వాళ్ళు ఎక్కారు. యాదగిరి నిన్న తిరిగొచ్చాడు, నాకు బెల్లం ముక్క తెచ్చాడు, జరిగింది విని, "నేనుంటే నాకు గూడ ఒక ఆకు పడుతుండె" అని బాధపడుతున్నాడు.

ఇక అసలు సంగతి. శుక్రవారం రాత్రి నేను మరియమ్మ గారింటికి వెళ్ళి, రేపటినుంచి మీ ఇంట్లోనే తింటాను, వంటలో సాయం చేస్తాను అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "మద్యాన్నం ఆకలికొచ్చినోళ్ళ నడుమ నిన్నొక్కదాన్ని లేపలేక పెట్టిన. అది మాట తప్పుడే. మీ అన్న విడిస్తెనే మల్ల పెడత, లేకుంటె లేదు" అంది. శనివారం నుంచి మళ్ళీ నా కుంపటి నాది, నా సోలెడు బియ్యం నావి. ఈ పొద్దున కూడా చిక్కుడుకాయలు ఈనె తీయకుండా గడప మీద పెట్టి వెళ్ళింది.

బామ్మతో ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో నువ్వే చూసుకో. వదినకు పుల్లటివి తినాలనిపిస్తుంటే పచ్చిపులుసు చేసి పెట్టు, నువ్వులు కాస్త దోరగా వేయించు. వీలైతే మన కందిపొడి ఒక డబ్బా, నీ చేతి మాగాయ కొంచెం పంపించు. బామ్మకు, పెద్దలందరికీ నా నమస్కారాలు. నన్ను దీవించమను. నువ్వూ దీవించు, కోపంగా ఉన్నా సరే.

నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. మరియమ్మ గారి పేరున ఒక కార్డు రాయి, ఒక్క వాక్యం చాలు. ఆవిడకు చదువు రాదు, నేనే చదివి వినిపించాలి. నువ్వు వద్దని రాసినా సరే, ఒక్క అక్షరం మార్చకుండా ఆవిడ ముందు నిలబడి అదే చదువుతాను.

నీ చెల్లెలు,
విశాలాక్షి.